ఐదేళ్ల మీద ఇంకెన్నేళ్లు?

మన దేశంలో ఆర్కిటెక్చర్ డిగ్రీ, బి.ఆర్క్, అంటే 5 ఏళ్లు, 10 సెమిస్టర్లు. అందులో ఒక సెమిస్టర్ ఏదో ఒక ఆఫీసులో శిక్షణకు పోతుంది, చివరిది థీసిస్‌కు. పట్టా చేతికొచ్చాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేయించుకుంటే చాలు, 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం ఆర్కిటెక్ట్ అనిపించుకోవచ్చు. ఆ నమోదుకు పైచదువు ఎం.ఆర్క్ అక్కర్లేదు. ఉన్నా లేకపోయినా రిజిస్టరులో పేరు ఒకేలా ఉంటుంది.

బెంగళూరు బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎం ప్రాంగణాన్ని చూడండి. ఆ రాతి గోడలు, నీడల నడవాలు గీసిన బి.వి. దోషి ముంబయి జేజే స్కూల్లో చదువు పూర్తి చేయకుండానే బయటికి వచ్చేశాడు. 1951 నుంచి 1954 వరకు పారిస్‌లో లె కార్బుజియే దగ్గర పనిచేశాడు. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నాడు. ఎం.ఆర్క్ మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ఉదాహరణ తీస్తారు. అది నిజమే కానీ, ఈ రోజు ఇందిరానగర్‌లో ఒక ఆఫీసులో రెండేళ్లుగా వర్కింగ్ డ్రాయింగులు చేస్తున్న తెలుగు కుర్రాడికి అది దారి చూపదు. అతనికి కాలేజీలో పాఠం చెప్పాలని ఉండొచ్చు, అందులో పైకెదగాలంటే పీజీ కావాలి. అర్బన్ డిజైన్ వైపో, కట్టడాల పరిరక్షణ వైపో మళ్లాలని ఉండొచ్చు. లేదా వేరే దేశంలో పనిచేయాలని ఉండొచ్చు. ఈ మూడు కోరికలకూ కోర్సులు వేరు, ఏళ్లు వేరు, ఖర్చు వేరు.

దరఖాస్తు అనగానే మనవాళ్లు ముందు యూనివర్సిటీల ర్యాంకుల పట్టిక తెరుస్తారు. నన్నడిగితే ముందు వేయాల్సింది ఏళ్ల లెక్క. ఇప్పటికే చదివిన 5 ఏళ్లకు ఏ దేశం ఎంత విలువ కడుతుంది? చదివిందే మళ్లీ చదవడానికి డబ్బు కట్టమంటోందా? ర్యాంకుల సంగతి ఆ తర్వాత.

బెంగళూరులోనే అయితే 2 ఏళ్లు

కర్ణాటకలోని ఆర్కిటెక్చర్ కాలేజీల్లో చాలావరకు వీటీయూ గొడుగు కిందివి. 1998లో బెళగావి కేంద్రంగా ఏర్పడిన విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయమే ఈ వీటీయూ. ఎం.ఆర్క్ 4 సెమిస్టర్లు. ప్రభుత్వ కోటా సీట్లను కేఈఏ, అంటే కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ, పీజీసెట్ పెట్టి భర్తీ చేస్తుంది. బి.ఆర్క్‌లో 50 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, కేటగిరీ-1 వారికి 45 శాతం చాలు.

మనవాళ్లు బోల్తా పడే అంకె మాత్రం వేరే ఉంది. అది 7. ప్రభుత్వ సీటుకు కర్ణాటక అభ్యర్థిగా నిలబడాలంటే ఉన్న ప్రధానమైన దారి, ఆ రాష్ట్రంలో కనీసం 7 విద్యా సంవత్సరాలు చదివి ఉండటం. గుంటూరులో ఇంటర్ ముగించుకుని బెంగళూరు వచ్చి బి.ఆర్క్ చేసినవాళ్ల దగ్గర ఉన్నవి 5. మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో పీయూసీ నుంచే చదివినవాళ్ల దగ్గర 2 కలిపి 7. తల్లిదండ్రుల చదువు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం లాంటి వాటికి వేరే క్లాజులు ఉన్నాయి. ఆ ఏడాది కేఈఏ బులెటిన్‌లో ఈ పేజీ చదవకుండా ఫీజు కట్టొద్దు. క్లాజులు కుదరని వాళ్లకు మిగిలేది మేనేజ్‌మెంట్ సీట్లు, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు.

ఏ రాష్ట్రం వాళ్లకైనా ఒకే కొలబద్ద గేట్. ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరు 100 మార్కులకు, 65 ప్రశ్నలు, 3 గంటలు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌వి. అందరూ రాయాల్సిన ఉమ్మడి భాగానికి 60. మిగతా 25 మార్కుల దగ్గర ఆర్కిటెక్చర్ కావాలో ప్లానింగ్ కావాలో ఎంచుకోవచ్చు. ఉమ్మడి భాగంలోనే హౌసింగ్, నగర ప్రణాళిక, ల్యాండ్‌స్కేప్, మౌలిక వసతులు అన్నీ వస్తాయి కాబట్టి స్టూడియోలో బాగా గీసేవాడికి ఇక్కడ ప్రత్యేకంగా కలిసొచ్చేది ఏమీ లేదు. ఒక మార్కు మల్టిపుల్ చాయిస్ తప్పైతే మూడో వంతు, రెండు మార్కులదైతే మూడింట రెండు వంతులు పోతాయి. అంకె కట్టి రాసే ప్రశ్నలకు ఈ కోత లేదు. లెక్కలంటే భయపడి వాటిని వదిలేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2026 గేట్‌కు ఫీజు 2,000 రూపాయలు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 1,000.

గేట్ రాయడానికి మూడో ఏడాదిలో ఉంటే చాలు, స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. ఈ రెండింటినీ కలిపి చూడండి. నాలుగో ఏడాది ఫిబ్రవరిలో రాస్తే మార్చిలో ఫలితం వస్తుంది. అయిదో ఏడాది ముగిసి అడ్మిషన్లు మొదలయ్యేనాటికి ఆ స్కోరు ఇంకా బతికే ఉంటుంది, ఏడాది ఉద్యోగం చేసి వచ్చినా పనికొస్తుంది. థీసిస్ సెమిస్టర్ పక్కన గేట్ పెట్టుకుని రెండూ చెడగొట్టుకునే వాళ్లే ఎక్కువ. నాలుగో ఏడాదే దీనికి సరైన సమయం.

గేట్‌తో ఐఐటీ, ఎన్‌ఐటీ, స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ లాంటి కేంద్ర సంస్థల్లో చేరితే నెలకు 12,400 రూపాయలు స్టైపెండ్. 24 నెలలకు 2,97,600. బెంగళూరు అద్దెలకు ఇది చాలదు గానీ విజయవాడలో నెల గడిచిపోతుంది. 2008లో మొదలైన విజయవాడ ఎస్‌పీఏలో సస్టెయినబుల్ ఆర్కిటెక్చర్, ల్యాండ్‌స్కేప్, పరిరక్షణల్లో ఎం.ఆర్క్ ఉంది. అదే 2008లో ఏర్పడిన హైదరాబాద్ ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో చేరాలంటే తెలంగాణ పీజీఈసెట్ ఇంకో దారి. 120 ప్రశ్నలు, 120 మార్కులు, 2 గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. అక్కడా స్థానికత నిబంధన ఉంటుంది. బెంగళూరులో 5 ఏళ్లు చదివినవాళ్లు సొంత రాష్ట్రంలో తాము ఏ కోవలోకి వస్తామో ముందే చూసుకోవాలి.

ఆర్కిటెక్చర్ వదిలి వస్తువుల డిజైన్ వైపు పోదామనుకునేవాళ్లకు ఊళ్లోనే ఒక తలుపుంది. 1909లో పుట్టిన ఐఐఎస్సీలో 2 ఏళ్ల ఎం.డెస్‌కు బి.ఆర్క్ వాళ్లూ అర్హులే. గేట్ గానీ, ఐఐటీ బొంబాయి పెట్టే సీడ్ గానీ కావాలి. సీడ్ స్కోరు మాత్రం ఏడాదే చెల్లుతుంది.

లండన్ అయితే 1 ఏడాది, ఒక బెంగళూరు వారసత్వం

ఐఐఎస్సీలో పాత ఏరోనాటిక్స్ భవనం గీసినవాడు ఒట్టో కోనిగ్స్‌బర్గర్. బెర్లిన్‌లో చదివిన యూదుడు. హిట్లర్ జర్మనీ నుంచి బయటపడి, ఈజిప్టు మీదుగా 1939లో మైసూరు సంస్థానానికి వచ్చాడు. దివాన్ మీర్జా ఇస్మాయిల్ హయాంలో సంస్థానం చీఫ్ ఆర్కిటెక్టుగా చేరాడు. 1948లో ఢిల్లీ వెళ్లి శరణార్థుల ఇళ్ల పని చూశాడు. 1951లో లండన్ చేరాడు. అక్కడ ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ స్కూల్లో 1954లో ఉష్ణమండల ఆర్కిటెక్చర్ కోసం ఒక విభాగం పెట్టారు. వేడి దేశాల నుంచి వచ్చి ఇంగ్లండ్ చలికి తగ్గ ఇళ్లు గీయడం నేర్చుకుని వెళ్తున్నామని విద్యార్థులే, అందులోనూ అడెడోకున్ అడెయేమి అనే నైజీరియా విద్యార్థి, మొరపెట్టుకున్న ఫలితం అది. 1957 నుంచి ఆ విభాగాన్ని నడిపింది కోనిగ్స్‌బర్గర్. 1971లో అది యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు తరలి డెవలప్‌మెంట్ ప్లానింగ్ యూనిట్ అయింది. ఇప్పుడు మన విద్యార్థులు దరఖాస్తు పెట్టే ఏడాది ఎంఎస్సీ కోర్సులు ఆ యూనిట్‌వే. బెంగళూరు ఎండలో, గాలిలో, సున్నం గోడల మధ్య నేర్చుకున్న పాఠం లండన్ సిలబస్ అయింది. మనం ఇప్పుడు దానికి పౌండ్లు కడుతున్నాం!

బ్రిటన్‌లో రెండు రకాలను కలిపేయకూడదు. ఎంఎస్సీ, ఎంఏ పేరుతో ఉండేవి చాలావరకు 1 ఏడాదివి, ఒక అంశంలో లోతుకు దింపేవి. ఎం.ఆర్క్ పేరుతో ఉండేది అక్కడి లైసెన్సు దారిలో పార్ట్-2 అనే మెట్టు, 2 ఏళ్లు. ఏడాది కోర్సు చేసి వస్తే అక్కడ ఆర్కిటెక్ట్ అనిపించుకోలేరు. దానికి ఏఆర్‌బీ అనే నమోదు సంస్థ పరీక్షలు వేరే ఉన్నాయి.

2025లో వీసా ఫీజు 524 పౌండ్లు. ఆరోగ్య సర్‌చార్జి విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది కోర్సే అయినా వీసా దాని మీద కొన్ని నెలలు ఎక్కువ ఇస్తారు కాబట్టి ఏడాదిన్నర లెక్కన 1,164 వసూలు చేస్తారు. రెండూ కలిపితే 1,688 పౌండ్లు, పౌండు 120 రూపాయలనుకుంటే 2 లక్షల పైచిలుకు. ఇంకా ట్యూషన్ ఫీజు జోలికే వెళ్లలేదు. చదువయ్యాక ఉండి పనిచేసుకునే గ్రాడ్యుయేట్ రూట్ 2 ఏళ్లు. 2027 జనవరి 1 నుంచి పెట్టే దరఖాస్తులకు 18 నెలలే.

తిరిగొచ్చి కాలేజీలో పాఠం చెప్పాలనుకునేవాళ్లు ఇంకొక తేదీ చూడాలి. డిగ్రీలను పరస్పరం గుర్తించుకోవడానికి 2022 జూలై 21న భారత్, బ్రిటన్ ఒప్పందం చేసుకున్నాయి. బ్రిటన్ ఏడాది మాస్టర్స్ ఇక మన దగ్గర చెల్లుతుందని పత్రికలన్నీ రాశాయి. ఇంజినీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రాలతో పాటు ఆర్కిటెక్చర్‌ను ఆ ఒప్పందం నుంచి మినహాయించారన్న వాక్యం చాలామంది కళ్లకు ఆనలేదు. కాబట్టి ఏ కోర్సులో చేరబోతున్నారో ఆ పేరుతో సహా మన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌ను ముందుగా అడిగి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోవడం మంచిది.

అమెరికా అయితే ఒకటిన్నర, రెండు, లేదా మూడున్నర

డబ్బు ఎక్కువగా పోయేది, తెలియక పోయేది ఇక్కడే. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఎం.ఆర్క్ అనే ఒకే బోర్డు వెనుక రెండు వేర్వేరు చదువులు ఉంటాయి. మొదటిది ఆర్కిటెక్చర్ ముందు చదవనివాళ్ల కోసం. హార్వర్డ్‌లో దీన్ని ఎం.ఆర్క్-1 అంటారు, మూడున్నరేళ్లు. చరిత్ర చదివినవాడూ ఫిజిక్స్ చదివినవాడూ ఇందులో చేరి ఆర్కిటెక్టులై బయటికొస్తారు. రెండోది ఇప్పటికే 5 ఏళ్ల వృత్తి డిగ్రీ ఉన్నవాళ్ల కోసం, సుమారుగా ఏడాదిన్నర నుంచి 2 ఏళ్లు. ఎంఐటీలో ఎస్‌ఎంఆర్క్ఎస్ 4 సెమిస్టర్లు. కొలంబియాలో అడ్వాన్స్‌డ్ ఆర్కిటెక్చరల్ డిజైన్ ఎంఎస్ 3 సెమిస్టర్లు.

ఏడాది ట్యూషన్ 60 వేల డాలర్లు అనుకుందాం, పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో అంతకన్నా ఎక్కువే ఉంది. తిండి, అద్దె, బీమా కలిపి ఇంకో 30 వేలు. మొత్తం 90 వేలు. డాలరు 90 రూపాయల లెక్కన ఏడాదికి 81 లక్షలు. రెండేళ్లకూ మూడున్నరేళ్లకూ మధ్య తేడా ఏడాదిన్నర, అంటే 1 కోటి 21 లక్షల 50 వేలు. బి.ఆర్క్ చేతిలో పెట్టుకుని ఎం.ఆర్క్-1కు దరఖాస్తు పెట్టడమంటే, చదివేసిన స్టూడియోలకు ఆ డబ్బు మళ్లీ కట్టడమే.

అయితే ఆ పొడవాటి కోర్సులో ఒక్క లాభం ఉంది, దానికోసమే కొందరు తెలిసే చేరతారు. ఎన్‌ఏఏబీ అనే సంస్థ గుర్తింపు ఉండేది దానికే. అమెరికాలో లైసెన్సు కావాలంటే చాలా రాష్ట్రాల్లో ఎన్‌ఏఏబీ గుర్తింపున్న డిగ్రీయే రాచబాట. మన బి.ఆర్క్‌కు ఆ గుర్తింపు లేదు, రెండో రకం పొట్టి కోర్సులకూ లేదు. మధ్యే మార్గం లేకపోలేదు. చాలా విశ్వవిద్యాలయాలు బి.ఆర్క్ వాళ్లకు ముందరి సెమిస్టర్లు మినహాయించి గుర్తింపున్న ఎం.ఆర్క్‌ను 2 ఏళ్లకో రెండున్నరేళ్లకో కుదిస్తాయి. దీన్ని అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ అంటారు. అడగనిదే అమ్మయినా పెట్టదు. అడ్మిషన్ ఆఫీసుకు సిలబస్ పంపి, ఎన్ని సెమిస్టర్లు తగ్గిస్తారో రాయించుకున్నాకే దరఖాస్తు ఫీజు కట్టండి.

లైసెన్సు లెక్క ఇంకా ఉంది. డిగ్రీ తర్వాత ఏఎక్స్‌పీ అనే అనుభవం 3,740 గంటలు నమోదు చేయాలి, ఆపై 6 పరీక్షలు. వారానికి 40 గంటల చొప్పున 3,740 గంటలంటే 93 వారాలు దాటుతుంది, దాదాపు ఏడాది పది నెలలు. చదువయ్యాక ఎఫ్-1 వీసా విద్యార్థులకు పని అనుమతి, ఓపీటీ, 12 నెలలు. సెలవు ఒక్కటీ పెట్టకుండా 52 వారాలు పనిచేసినా 2,080 గంటలే. అది చాలదు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే మరో 24 నెలలు కలుస్తాయి, మొత్తం 36. అప్పుడు సరిపోతుంది. ఈ గంటలన్నీ చదువు తర్వాతే పోగు చేయాలని లేదు, వేసవి సెలవుల్లో చేసిన పనీ లెక్కలోకి వస్తుంది. అయినా 12కీ 36కీ తేడా చిన్నది కాదు.

స్టెమ్ అవునా కాదా అన్నది కోర్సు పేరులో కనపడదు, దానికిచ్చిన సీఐపీ కోడ్‌లో, అంటే కోర్సుల వర్గీకరణ సంఖ్యలో, ఉంటుంది. మామూలు ఆర్కిటెక్చర్ కోడ్ 04.0201 స్టెమ్ కాదు. భవన శాస్త్ర సాంకేతికతల కోడ్ 04.0902 స్టెమ్. చాలా స్కూళ్లు తమ ఎం.ఆర్క్‌ను ఈ రెండో కోడ్ కిందికి మార్చుకున్నాయి, అన్నీ కాదు. ఒకే ఊళ్లో రెండు విశ్వవిద్యాలయాల ఎం.ఆర్క్‌లకు రెండు వేర్వేరు కోడ్‌లు ఉండొచ్చు. ర్యాంకు 5 నుంచి 15కు దిగినా ఈ ఆరంకెలు సరిగ్గా ఉన్న చోటే నేనైతే పెట్టమంటాను.

పాత రోజుల్లో ఇంత లెక్క లేదు. బెంగళూరు నడిబొడ్డున విశ్వేశ్వరయ్య సెంటర్ గీసిన చార్లెస్ కొరియా మిషిగన్‌లో బి.ఆర్క్ చేసి, 1955లో ఎంఐటీ నుంచి ఎం.ఆర్క్ పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చేశాడు. సరిగ్గా 50 ఏళ్లకు, 2005లో, అదే ఎంఐటీలో మెదడు పరిశోధన కేంద్రం భవనం ఆయన చేతి మీదుగా లేచింది.

జర్మనీ సంగతి క్లుప్తంగా. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ లేదు, కానీ మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 చలికాలం సెమిస్టర్ నుంచి ఐరోపా బయటి విద్యార్థులకు ఫీజు పెట్టింది. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, నెలకు 992. యూరో 100 రూపాయలనుకున్నా 12 లక్షలకు దగ్గర. 2022 నవంబరు నుంచి భారతీయులకు చదువు కాగితాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, 18,000 రూపాయలు. ఆర్కిటెక్చర్ మాస్టర్స్ చాలావరకు జర్మన్ భాషలో చెప్తారు. ఆ భాషకు పెట్టే ఏడాదినీ ఏళ్ల లెక్కలో కలుపుకోండి.

30 పేజీల్లో 5 ఏళ్లు

విదేశీ ఆర్కిటెక్చర్ స్కూళ్లు చాలావరకు జీఆర్‌ఈ అడగడం మానేశాయి. ఐఈఎల్‌టీఎస్‌లో 7 వస్తే చాలాచోట్ల గడప దాటినట్టే. మార్కుల జాబితా చూస్తారు గానీ, మన జ్యూరీల్లో 65 శాతం రావడమే గగనమని వాళ్లకూ తెలుసు. తేల్చేది పోర్ట్‌ఫోలియో. స్కూలును బట్టి పేజీలకు, ఫైలు సైజుకు హద్దు ఉంటుంది. 20 నుంచి 30 పేజీల్లోపు సర్దుకోవడానికి సిద్ధపడితే ఎక్కడా చిక్కు రాదు.

10 సెమిస్టర్లలో శిక్షణది తీసేస్తే 9 ప్రాజెక్టులు. ఆఫీసు పని, పోటీలు, కొలతల డ్రాయింగులు కలిపితే పదిహేను దాకా పోతాయి. అన్నీ పెడితే ఒక్కోదానికి రెండు పేజీలు. అప్పుడు అది పోర్ట్‌ఫోలియో కాదు, కేటలాగు. నాలుగైదు ప్రాజెక్టులే తీసుకుని, థీసిస్‌కు 7 లేదా 8 పేజీలు, మిగతావాటికి నాలుగేసి ఇవ్వండి. మొదటి, రెండో ఏడాది పనుల మీద మమకారం ఉంటుంది, తెలుసు. వదిలేయండి.

బెంగళూరు విద్యార్థుల చేతిలో ఒక అరుదైన ముడిసరుకు ఉంది. చెరువుల ఊరు ఇది. చెరువుల మధ్య నీళ్లు పారే రాజకాలువల మీద కట్టడాలు లేచి, గట్టి వాన పడితే అవుటర్ రింగ్ రోడ్డు మునిగే ఊరు. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు చుట్టుపక్కల ట్రాక్టర్ల మీద ఉద్యోగాలకు వెళ్లిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. మెట్రో స్తంభాల కింద పుట్టిన బజార్లు, పేటలో పాత ఇళ్లు, గ్రానైటు చప్టాలు ఉన్నాయి. ఈ ఊరి సమస్యతో కుస్తీ పట్టిన స్టూడియో ప్రాజెక్టును లోపల పెట్టేసి, దుబాయిలో కట్టబోయే మ్యూజియం అంటూ ఊహాచిత్రం ముందు పెట్టేవాళ్లను చూస్తే విసుగొస్తుంది. ఆ ఊహాచిత్రం ప్రతి దేశం నుంచీ వస్తుంది. రాజకాలువ సెక్షన్ డ్రాయింగు ఇక్కడి నుంచే వస్తుంది.

ఎంపిక కమిటీలో ఉండేది స్టూడియో నడిపే మాస్టార్లు. వాళ్లకు తళతళలాడే రెండర్ కన్నా అక్కడికి ఎలా చేరారన్నది కావాలి. చెత్త స్కెచ్, విరిగిన మోడల్ ఫొటో, కొట్టేసిన రెండు ప్రత్యామ్నాయాలు పెట్టండి. సెక్షన్ లేకుండా ప్లాన్ ఒక్కటే పెట్టొద్దు. కంప్యూటర్ చేసిన బొమ్మలు కుప్పలుగా దొరికే ఈ రోజుల్లో చేతి గీతకు విలువ పెరిగింది తప్ప తగ్గలేదు.

బృందంతో చేసిన పనిలో మీ వంతు ఎంతో అక్షరాలా రాయండి. నలుగురు కలిసి చేసిన పోటీ ప్రాజెక్టును నాదే అన్నట్టు పెడితే, ఆ నలుగురిలో ఇద్దరు అదే స్కూలుకు దరఖాస్తు పెట్టే అవకాశం బెంగళూరులో చాలా ఎక్కువ! ఆఫీసు డ్రాయింగులకు యజమాని అనుమతి తీసుకోండి. క్లయింటు పేరు, చిరునామా చెరిపేయండి.

వ్యాసం, అంటే ఎస్‌ఓపీ, గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ఇసుకలో ఇళ్లు కట్టానన్న మొదటి వాక్యం కొట్టేయండి. ఏ ప్రశ్న పట్టుకుని వస్తున్నారో, ఆ స్కూల్లో ఎవరి పని ఆ ప్రశ్నకు దగ్గరో రాస్తే పేజీ నిండుతుంది. సిఫారసు లేఖలు అమెరికాకు సాధారణంగా 3, బ్రిటన్‌కు 2. థీసిస్ గైడ్, ఒక స్టూడియో మాస్టారు, పనిచేసిన ఆఫీసు ఆర్కిటెక్ట్ అయితే మూడూ మూడు కోణాలు. ప్రిన్సిపాల్ సంతకం బరువు అనుకుని, మీ ముఖం గుర్తులేని మనిషి దగ్గరికి వెళ్లొద్దు.

అప్పు లెక్క

బ్యాంకుల సంఘం మోడల్ విద్యారుణ పథకంలో 4 లక్షల దాకా హామీ లేదు, మార్జిన్ లేదు. ఆపైన విదేశీ చదువుకు 15 శాతం మార్జిన్ మన చేతి నుంచి పెట్టాలి. ఏడున్నర లక్షలు దాటితే ఇల్లో పొలమో తాకట్టు అడుగుతారు. 60 లక్షల ఖర్చు అనుకుంటే 9 లక్షలు ముందే చేతిలో ఉండాలి. ఊళ్లో నాన్నగారి పేరున ఉన్న పొలం కాగితాలు దీనికి పనికొస్తాయా అంటే, చాలా బ్యాంకులు వ్యవసాయ భూమికి ఒప్పుకోవు. ఇంటి స్థలమో ఫ్లాటో అడుగుతాయి. ఈ సంగతి అడ్మిషన్ వచ్చాక తెలిస్తే కంగారు పడతారు.

50 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, 15 ఏళ్లు. నెలకు కిస్తీ సుమారు 53,730 రూపాయలు. మొత్తం తిరిగి కట్టేది 96.7 లక్షలు, అంటే తీసుకున్నదానికి దాదాపు రెట్టింపు. చదువుతున్నన్నాళ్లు, ఆపై ఏడాది కిస్తీ ఉండదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఈ కిస్తీ డాలర్ల జీతం మీద పెద్ద బరువు కాదు. బెంగళూరులో రెండు మూడేళ్ల అనుభవమున్న ఆర్కిటెక్ట్ జీతం మీద మోయలేనిది. కాబట్టి తిరిగొచ్చేద్దామనుకునేవాళ్లు స్కాలర్‌షిప్ లేని అమెరికా సీటును వదులుకోవడమే తెలివని నా అభిప్రాయం. సీటు వచ్చిందన్న సంతోషంలో ఇంట్లోవాళ్లు ఈ మాట వినరు, ఏం చేస్తాం.

సహాయం చేసేవీ ఉన్నాయి. ఐఐఎస్సీ ఊహకు ప్రాణం పోసిన జంషెట్‌జీ టాటాయే 1892లో పెట్టిన జేఎన్ టాటా ఎండోమెంట్ రుణ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌లో ఆర్కిటెక్చర్ పేరుతో విభాగం లేదు గానీ పట్టణ, ప్రాంతీయ ప్రణాళిక ఉంది, వారసత్వ పరిరక్షణ ఉంది. కనీసం 3 ఏళ్ల ఉద్యోగానుభవం కావాలి. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు విద్యారుణంతో విదేశానికి పంపే ఫీజు మీద టీసీఎస్ పన్ను లేదు. పాత పన్ను విధానంలో ఉండేవాళ్లు విద్యారుణ వడ్డీని 8 ఏళ్ల పాటు మినహాయించుకోవచ్చు.

నెలల వారీగా

అమెరికా స్కూళ్ల గడువులు డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు. అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సిఫారసు లేఖలకు రెండు నెలల వ్యవధి ఇవ్వాలి కాబట్టి మాస్టార్లను అక్టోబరులో అడగాలి. వీటీయూ విద్యార్థులు అధికారిక ట్రాన్‌స్క్రిప్టుల పని సెప్టెంబరులోపే మొదలుపెట్టడం క్షేమం. విశ్వవిద్యాలయం ఉన్నది 500 కిలోమీటర్ల అవతల బెళగావిలో. పోర్ట్‌ఫోలియోకు ఉద్యోగం చేసుకుంటూ అయితే నాలుగు నెలలు, అంటే ఆగస్టు. ఒక్కో దరఖాస్తుకు 75 నుంచి 100 డాలర్లు, ఆరింటికి పెడితే 54 వేల రూపాయల దాకా. ఆరు దాటి పెట్టడం దండగ.

గేట్ ఫిబ్రవరిలో, దాని చదువు నవంబరు నుంచి జనవరి దాకా. పోర్ట్‌ఫోలియో ముగింపూ సరిగ్గా అప్పుడే. రెండు పడవల మీద కాళ్లు పెట్టేవాళ్లు ఈ మూడు నెలల్లోనే మునుగుతారు. ముందే గేట్ స్కోరు ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు.

అమెరికా ఫలితాలు ఎక్కువగా మార్చిలో వస్తాయి. ఆర్థిక సాయంతో వచ్చిన సీటుకు జవాబు చెప్పడానికి ఏప్రిల్ 15 దాకా గడువివ్వాలని అక్కడి విశ్వవిద్యాలయాలు చాలావరకు ఒప్పందం చేసుకున్నాయి. అంతకుముందే తేల్చమని తొందరపెడితే ఆ తేదీ గుర్తుచేయొచ్చు. స్కాలర్‌షిప్ పెంచమని మర్యాదగా అడిగే సమయం కూడా అదే. ఇంకో చోట వచ్చిన మొత్తం చూపించి అడిగితే తప్పేమీ లేదు, కొన్నిసార్లు ఇస్తారు.

విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రం వచ్చాక సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185. కలిపి 535, సుమారు 48 వేల రూపాయలు. 2025 జనవరి 17న బెంగళూరులో అమెరికా కాన్సులేట్ ప్రారంభించారు గానీ వీసా సేవలతో కాదు. ఇంటర్వ్యూకు బెంగళూరు వాళ్లు వెళ్తూ వచ్చింది చెన్నైకి, హైదరాబాద్‌కి. తెలుగువాళ్లకు హైదరాబాద్ కాన్సులేట్ ఉన్న నానక్‌రామ్‌గూడ అయితే ఇంటికి వెళ్లొచ్చినట్టూ ఉంటుంది, కానీ వేసవిలో అక్కడ స్లాట్ దొరకడం కష్టం. చెన్నైలో ముందుగా దొరికితే అదే తీసుకోండి. ఎఫ్-1 వీసాను కోర్సు మొదలవడానికి 365 రోజుల ముందు నుంచే ఇవ్వొచ్చు. అమెరికాలో దిగడానికి మాత్రం ఐ-20 మీదున్న ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు కన్నా ముందుగా ఒప్పుకోరు. విమానం టికెట్ కొనే ముందు ఆ తేదీ చూసుకోండి.